కొత్తల పాతర

బాచన మకరపురం నుంచి ప్రాణాలతో బయటపడ్డాడు కదా అని ఊపిరి పీల్చుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే, ఆ ఊపిరి కాసేపు దాచుకోండి. గుడ్డి పాటగాడి వేషంలో ఆ రేవులో దిగి, నూరుమంది భటుల కళ్ళెదుటే వాళ్ళ బరువులెత్తే చక్రంలోంచి ఇనుప నాలుకను ఊడబెరికి, దాన్ని నడుముకు కట్టుకుని, ఒక పగలంతా ఈది, రెండు రోజులు నడిచి సొంత దేశం చేరాడు. శైలకూటం పొలిమేరలో అతనికి ఎదురొచ్చిన మొదటి మాట ఏమిటంటే, తల్లీ తండ్రీ లేని తనను తెచ్చి పెంచి, ఉలి పట్టడం నేర్పిన గురువు కేతోజును ఇవాళ పొద్దుగుంకేలోగా వాలుబండ మీద నుంచి సముద్రంలోకి తోసేస్తారని.

శైలకూటం మామూలు ఊరు కాదు. సముద్రంలోంచి నిట్టనిలువుగా లేచిన కొండ, కొండ నెత్తిన కోట, కోటలో ఏడంతస్తుల మేడలు, మేడలకు నెమలికంఠం రంగు పెంకులు, పొద్దు పొడిస్తే కళ్ళు చెదిరే బంగారు కలశాలు. కింద రేవు. రేవుకీ కోటకీ నడుమ పదకొండు వందల మెట్లు. మిరియాలు గానీ, దంతాలు గానీ, కస్తూరి గానీ, చీనాంబరాలు గానీ, ఏది పైకి రావాలన్నా ఏది కిందికి పోవాలన్నా మనిషి వీపు మీదే. రెండువేల మంది మోతగాళ్ళు పొద్దున్నుంచి సందె దాకా ఎక్కుతూ దిగుతూ ఉండేవాళ్ళు. ఒక ఓడ ఖాళీ కావడానికి పన్నెండు రోజులు పట్టేది. దగ్గర్లో ఇంకో రేవు లేదు గనక ఓడలవాళ్ళు నోరు మూసుకుని పన్నెండు రోజులూ పడి ఉండేవాళ్ళు. వర్తక శ్రేణి పెద్దలు అదంతా తమ గొప్పతనమే అనుకున్నారు.

మూడేళ్ళ కిందట మకరపురం వాళ్ళు తమ కొండకు ఒక చక్రం బిగించారు. పళ్ళచక్రం, దానికి మోకు, మోకుకు తొట్టి. ఎత్తిన బరువు వెనక్కి జారకుండా పంటి పంటికీ అడ్డుపడే ఇనుప ముక్క ఒకటి, దాన్నే నాలుక అంటారు. పన్నెండు రోజుల పని ఒక్క పూటలో తేలిపోతుంటే ఇంక శైలకూటం మొహం చూసేదెవరు? రేవు బోసిపోయింది. మెట్ల మీద నాచు పట్టింది. మోతగాళ్ళ ఇళ్ళలో పొయ్యిలు రోజు విడిచి రోజు వెలిగాయి. జనం గొణుగుడు రాజుగారి చెవిదాకా వెళ్ళేసరికి శ్రేణి పెద్ద వసుగుప్త శ్రేష్ఠికి ఒక నేరస్థుడు కావలసి వచ్చాడు.

శ్రేష్ఠి సభలో చెప్పింది వినడానికి చాలా సబబుగా ఉంది. ఐదేళ్ళ కిందట బాచన ఇలాంటి చక్రమే చేశాడు. శ్రేణి దాన్ని సగౌరవంగా కొత్తల పాతరలో భద్రపరిచింది. చేసినవాడు మరిచిపోయాడు. కానీ పక్కన కూర్చుని చూసిన కేతోజు మరిచిపోలేదు. వయసులో ఉన్నప్పుడు అతను మకరపురంలో మూడేళ్ళు పని చేశాడు కూడానూ. చక్రం గుట్టు వాళ్ళకు అమ్మింది ఇతనేననడానికి ఇంకేం కావాలని శ్రేష్ఠి చేతులు చాచి అడిగితే, రణధీర మహారాజు తన అలవాటు ప్రకారం అవునని తల ఊపాడు.

ఇక్కడ పాతర సంగతి చెప్పాలి, లేకపోతే మీకు ఒళ్ళు మండదు. ఆ దేశంలో ఎవరు ఏ కొత్త వస్తువు చేసినా శ్రేణికి చూపించాలి. శ్రేష్ఠి వాళ్ళకు శాలువా కప్పి, చేతికి బంగారు కంకణం తొడిగి, ఆ వస్తువును పట్టుగుడ్డ కప్పిన పల్లకీలో శంఖం ఊదుకుంటూ కొండ కడుపులో ఉన్న పాతరకు ఊరేగించేవాడు. సమయం వచ్చినప్పుడు తీస్తామని చెప్పి లోపల పెట్టించేవాడు. డెబ్బై ఏళ్ళుగా ఆ సమయం రాలేదు. పైగా పాతరలోకి పోయిన వస్తువును ఎలా చేశాడో చేసినవాడి చేతికి గుర్తుండేది కాదు. అది దేవత ముట్టిన గుర్తట. తమ తెలివిని తామే బాజాభజంత్రీలతో పూడ్చిపెట్టి వచ్చి, ఆ కంకణం చూసుకుని జీవితమంతా మురిసిపోయేవాళ్ళు ఆ పనివాళ్ళు. బాచన చేతికీ ఒకటి ఉంది. కేతోజు చేతికీ ఒకటి ఉంది. ముప్పై ఏళ్ళ కిందట ఏం చేసి అది సంపాదించాడో కేతోజుకే తెలియదు.

గురువును విడిపించాలని బాచన మకరపురం వెళ్ళాడు. నాలుక ఊడబెరికి తెస్తే, ఇది మనవాళ్ళ పని కాదని తేలిపోతుందని అతని ఆశ. తీరా దారిలో చెట్టుకింద కూర్చుని దాన్ని తిప్పి చూస్తే ఆ ఆశ కాస్తా పోయింది. నాలుక వీపు మీద గోటితో నొక్కినట్టు ఒక గాటు ఉంది. కేతోజు సుత్తికి మూల విరిగి ఉంటుంది. తండ్రి ఇచ్చిన సుత్తి అని ఆయన దాన్ని ఎన్నడూ మార్చలేదు. ఆయన కొట్టిన ప్రతి ఇనుము మీదా సరిగ్గా అలాంటి గాటే పడుతుంది. ఆ ముక్క సభలో పెడితే గురువు తలకు ఉన్న ఆఖరి అడ్డు కూడా పోతుంది. పెట్టకపోతే చెప్పడానికి ఏమీ లేదు. నిజంగానే అమ్మేశాడా ఈ ముసలాయన అని ఒక్క క్షణం అనుకున్నాడు. అలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

తన చక్రాన్ని పాతరలోనే చూడాలి. దాని నాలుక మీద గాటు ఉందో లేదో తేల్చుకోవాలి. అంతకుమించి దారి లేదనుకుని, గోనె సంచి ఒకటి మడిచి నెత్తిన కొప్పెరలా వేసుకుని, మోతగాళ్ళలో కలిసి మెట్లెక్కడం మొదలుపెట్టాడు.

మూడువందలో మెట్టు దగ్గర ఒక చెయ్యి అతని కొప్పెర పట్టుకుని వెనక్కి లాగింది. మోతగాళ్ళ పెద్ద వీరక్క. అరవై దాటిన మనిషి. మెడ వెనక మోత కాయ కాసి గుండ్రాయిలా ఉంటుంది. మకరపురం పారిపోయాడని బాచన తలకు శ్రేష్ఠి నూరు ఎకరాల మాగాణి ప్రకటించాడని ఆమెకు తెలుసు. తెలిసే అతన్ని మెట్ల పక్కన ఉన్న తన గుడిసెలోకి నెట్టి, నీళ్ళూ ఇంత గంజీ ఇచ్చి, అతను చెప్పిందంతా నడుముకు చేతులు పెట్టుకుని విన్నది.

"చక్రం చేసినప్పుడు మా మొహం చూశావట్రా?" అని అడిగింది వీరక్క. "తిన్నగా శ్రేణి గుమ్మంలోకి తీసుకుపోయావు. మెచ్చుకుంటారని. రెండువేల వీపులు ఖాళీ అయితే ఏం తింటాయని ఒక్కసారి మెట్ల మీదకొచ్చి అడిగుంటే, మేమే ఏదో ఒకటి చెప్పేవాళ్ళం కదా. ఆ చక్రం తిప్పడానికైనా మనుషులు కావాలిగా."

ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు.

కానీ గుడిసె మూలన అతను చేసిన ఇంకో వస్తువు ఉంది. భుజంపీట. వంచిన వెదురు, తోలు పట్టీలు. బరువు మెడ మీద పడకుండా నడుము మీదికి దిగుతుంది. దాన్ని చేయడానికి అతను నలభై రోజులు మెట్ల మీద తనే మూటలు మోశాడు, ఒక్కొక్కరి మెడా నడుమూ తాడుతో కొలిచాడు. శ్రేణికి చూపించకుండా దాచిన మొదటి వస్తువు అది. ఇప్పటికి ఒక్కటే తయారైంది. ఇంకో నలభైకి సరిపడా వెదురు కోసి, నానబెట్టి పెట్టుకున్నారు.

పాతర తలుపుకు తాళం లేదు. కొత్త వస్తువు తెచ్చినవాడికే అది తెరుచుకుంటుంది. ఆ సంగతి దేశంలో అందరికీ తెలుసు. బాచన భుజంపీట వైపు చూశాడు. వీరక్క అతను చూడటం చూసింది.

అది లోపలికి పోతే మళ్ళీ చేయడం తనకు రాదని బాచన చెప్పబోయాడు. ఆమె చెప్పనివ్వలేదు. లేచి, దాన్ని తీసి, తోలు పట్టీ మీద పేరుకున్న తన చెమట మరకను కొంగుతో ఒకసారి తుడిచి అతని చేతిలో పెట్టింది.

"ఇంతకాలం మోసిన మెడే కదా, ఇంకొంచెం మోస్తుంది. పద, పొద్దు వాలుతోంది."

తర్వాత జరిగిన నాటకం ఉంది చూశారూ, అది వీరక్క బుర్రలోంచి పుట్టింది. పాడుబడ్డ పల్లకీ ఒకటి దొరికింది. మోతగాడి పెళ్ళికి కొన్న పట్టుచీర ఒకటి దానిమీద కప్పారు. శంఖం చేపలవాళ్ళ దగ్గర తెచ్చారు. ఎనిమిది మంది మోతగాళ్ళు మొహాలకు విభూతి పట్టించుకుని శ్రేణి సేవకుల్లా తయారయ్యారు. బాచన శాలువా కప్పుకుని, పాత కంకణం బయటికి కనబడేలా చెయ్యి ఊపుకుంటూ, ఊరికంతటికీ తెలిసేలా శంఖం ఊదించుకుంటూ పాతర దారిన బయలుదేరాడు. తల తెగ్గోస్తారని ప్రకటించిన మనిషి పట్టపగలు ఊరేగుతున్నాడు.

పాతర ముందు నలభై మంది కావలివాళ్ళు, ఒక్కొక్కడూ తాటిచెట్టంత మనిషి, చేతుల్లో వంకీ కత్తులు. కానీ కొత్త వస్తువు ఎవరి కంటా పడకూడదని శ్రేణి పెట్టిన కట్టడి ఒకటుంది. శంఖం వినబడగానే కావలివాళ్ళంతా కళ్ళకు గంతలు కట్టుకుని గోడవైపు తిరగాలి. డెబ్బై ఏళ్ళ అలవాటు. నలభై మందీ బుద్ధిగా గంతలు కట్టుకుని తిరిగి నిలబడ్డారు. ఎవడి కోసం వెదుకులాట పెట్టారో వాడే వాళ్ళ వీపుల వెనకనుంచి తీరిగ్గా నడుచుకుంటూ వెళ్ళాడు.

తలుపు నల్లరాతి పలక. బాచన భుజంపీటను దానికి తాకించాడు. పలక కరిగి పొగలా విడిపోయింది. లోపలికి అడుగుపెట్టగానే వెనక మళ్ళీ రాయి అయింది.

ఏం చెప్పమంటారు ఆ పాతర సంగతి. కొండను లోపల్నుంచి తొలిచి ఆరు అంతస్తుల గుహ చేశారు. గోడలకు పొదిగిన చంద్రకాంతాలు వెన్నెల వంటి వెలుగు చిమ్ముతున్నాయి. అరల మీద అరలు, అరల నిండా వస్తువులు. గాలికి ఆరని దీపాలు. తనంతట తనే నాడె విసిరే మగ్గం. ఎదురుగాలికి నడిచే తెరచాప. ఎడ్లు లేకుండా ఏటి నీరు తోడే బానల చక్రం. పసిపిల్లల జ్వరం కొలిచే గాజు గొట్టం. ప్రతిదానికీ ఒక తాటాకు చీటీ, చేసినవాడి పేరు, శ్రేణి ముద్ర, కింద ఒకే మాట, సమయం వచ్చినప్పుడు తీయవలెను అని. ఒక్కదాని మీదా దుమ్ము లేదు.

దుమ్ము ఎందుకు లేదంటే, తుడిచేవాడు ఒకడున్నాడు. తుప్పు రంగు ఒళ్ళు, మోకాళ్ళదాకా చేతులు, చేతిలో మెత్తటి గుడ్డ. కపాలకేతుడనే మాంత్రికుడు శ్రేణి కోసం కట్టిపడేసిన మరపుభూతం. అది మగ్గం తుడవడం ఆపి వంగి చూసింది.

"ఏం తెచ్చావు?"

బాచన భుజంపీట ఇచ్చాడు. భూతం దాన్ని తిప్పి చూసి, తన భుజానికి తగిలించుకుని, నాలుగడుగులు నడిచి చూసి, మంచి పని అని మెచ్చుకుంది. ఆ మెప్పు వినబడుతుండగానే బాచన వేళ్ళలోంచి ఏదో జారిపోయింది. వెదురు ఎక్కడ వంచాలి? పట్టీ ఎటు తిప్పాలి? నలభై రోజుల మోత గుర్తుంది. వీరక్క కొంగుతో తుడవడం గుర్తుంది. పీట ఎలా చేశాడో మాత్రం, ఇంకెవడో చేసినట్టుగా ఉంది.

నిలబడి ఏడవడానికి వ్యవధి లేదు. తన చక్రం ఎక్కడని అడిగాడు. భూతం నాలుగో అంతస్తుకు తీసుకుపోయి చూపించింది. తను అడిగింది ఒక్క చక్రం. అక్కడ రెండున్నాయి.

ఒకదాని చీటీ మీద బాచన పేరు. దాని నాలుక నున్నగా ఉంది, గాటు లేదు. రెండోదాని కొయ్య ముప్పై ఏళ్ళకు నల్లబడింది. చీటీ మీద కేతోజు పేరు. నాలుక వీపు మీద గాటు.

బాచనకు ఒకటి గుర్తొచ్చింది. తన చక్రం చెక్కుతున్న రోజుల్లో గురువు పక్కన కూర్చుని కళ్ళు తుడుచుకుంటూ ఉండేవాడు. ఎందుకండీ అని అడిగితే, ఏమో నాయనా, ఊరికే నీళ్ళొస్తున్నాయి అనేవాడు. చెయ్యి మరిచిపోయినదాన్ని కళ్ళు మరవలేదు కాబోలు, ఆ ముసలాయనకు.

నడుముకు కట్టిన ముక్క విప్పి రెంటినీ పక్కపక్కన పెట్టాడు. గాటు ఒకటే, చోటు ఒకటే, లోతు ఒకటే. కానీ కేతోజుది కాల్చి కొట్టిన ఇనుము, దాని ఒంటినిండా సమ్మెట దెబ్బలు పొరలు పొరలుగా ఉన్నాయి. మకరపురం వాళ్ళది పోత. ఇసుక రవ్వలు ఒంటికి అంటుకునే ఉన్నాయి. ఒక ముక్కను మట్టిలో ఒత్తి మూస తీసి, అందులో ఇనుము పోస్తే అసలు ముక్కకున్న గాటు కూడా పోతలోకి వస్తుంది. అది అక్కరలేని గాటని మకరపురం కమ్మరికి తెలియదు. ఉన్నది ఉన్నట్టు పోసేశాడు. కేతోజు నాలుక సందుల్లో నల్లటి మూసమట్టి ఇంకా ఎండి ఉంది.

"దీన్ని బయటికి ఎవరు తీశారు?" అని అడిగాడు బాచన.

"ముద్ర ఉంగరం పెట్టుకున్నవాడు. నాలుగేళ్ళ కిందట తీసుకెళ్ళి, పది రోజులకు తిరిగి పెట్టాడు. మట్టి తుడవబోతే కసిరాడు," అన్నది భూతం. దేశంలో ముద్ర ఉంగరం ఒక్కటే. అది వసుగుప్త శ్రేష్ఠి వేలికి ఉంది.

అయితే ఈ నాలుకను నేను తీసుకుపోతానన్నాడు బాచన. భూతం అడ్డంగా తల ఊపింది. ఉంగరం లేకుండా ఇక్కణ్ణుంచి పూచికపుల్ల కదలదు. అంతగా కావాలంటే ఒక దారి ఉంది, వస్తువు బయటికి పోతే దాని చోట దానికి తగ్గ విద్య ఉండిపోవాలి. ఎంత విద్య అంటే, నీ చేతుల్లో ఉన్నదంతా. ఉలి పట్టిన మొదటి రోజు నుంచి ఇవాళ్టి దాకా.

పైన ఎక్కడో కోట నగారా మోగింది. ఖైదీని వాలుబండకు తీసుకుపోయే నగారా అది.

"మీ ఊళ్ళో తెలివికి కొదవ లేదోయ్. దాన్ని పెట్టుకునే చోటే లేదు," అన్నది భూతం, గుడ్డ మడతపెడుతూ. "ఇస్తావా, పోతావా?"

బాచన రెండు చేతులూ చాచాడు.

భూతం తన అరచేతులతో వాటిని ఒకసారి నిమిరింది. నొప్పి లేదు, మంట లేదు. బాచన కేతోజు నాలుకనూ చీటీనీ తీసుకుని పరుగు లంకించుకున్నాడు. తలుపు తెరుచుకుంది. శంఖం ఆగిపోవడంతో కావలివాళ్ళు గంతలు విప్పారు. ఎదురుగా బాచన. నలభై కత్తులు ఒక్కసారి లేచాయి. పల్లకీ పట్టిన మోతగాళ్ళు దాన్ని అడ్డంగా విసిరేసి, మూటలు విసిరిన చేతులతోనే కావలివాళ్ళను ఎత్తి కుదేశారు. ఒక కత్తి బాచన భుజాన్ని చీల్చుకుపోయింది. అతను సందు చేసుకుని, గోడలెక్కి, కప్పులు దూకి, రక్తం ఓడుతూ వాలుబండ మీద జనంలోకి వచ్చి పడ్డాడు.

సముద్రం మీద పొద్దు బెత్తెడు ఎత్తున ఉంది. బండ అంచున కేతోజు, వెనక్కి విరిచి కట్టిన చేతులతో. పక్కన రాజు గొడుగు కింద, శ్రేష్ఠి నీడలో. తలారి అప్పుడే చెయ్యి ఎత్తాడు.

బాచన రాజు కాళ్ళముందు రెండు ఇనుప ముక్కలూ పెట్టాడు. ఒకటి మకరపురానిదనీ, ఒకటి పాతరలో ముప్పై ఏళ్ళుగా ఉన్నదనీ, దాని చీటీ ఇదనీ చెప్పాడు. ఇంకా చెప్పాలని నోరు తెరిచి ఆగిపోయాడు. పాతరలో అంత స్పష్టంగా కనబడిన తేడా ఇప్పుడు కనబడటం లేదు. రెండూ నల్లటి ముక్కలు. అంతే.

శ్రేష్ఠి చిన్నగా నవ్వాడు. దొంగ తన దొంగసొత్తు తానే తెచ్చాడనీ, ఇంకా ఆలోచించడానికి ఏముందనీ రాజుతో అన్నాడు. రాజు తల ఊపబోయాడు.

"ప్రభూ," అన్నాడు బాచన, "ఈ రెండూ ఒకటి కాదని నాకు ఇందాక తెలుసు. ఎలా కాదో ఇప్పుడు తెలియడం లేదు. ఉంగరం లేకుండా దీన్ని తేవడానికి నా చేతులు అక్కడ పెట్టి వచ్చాను. ఒక్కసారి మా గురువుగారి చేతికి ఇవ్వండి. తర్వాత మీ ఇష్టం."

జన్మలో మొదటిసారి రాజు తల ఊపకుండా ఆగాడు. కట్లు విప్పించాడు. కేతోజు తన నాలుకను చేతిలోకి తీసుకున్నాడు. పాతర దాటి వచ్చిన వస్తువు చేసినవాడి చెయ్యి తాకగానే, పోయిందంతా తిరిగి వస్తుందని ఆ దేశంలో ఎవరికీ తెలియదు. ఎన్నడైనా ఏదైనా బయటికి వస్తే కదా తెలియడానికి. ముసలాయన బొటనవేలు తిన్నగా గాటు మీదికి వెళ్ళి ఆగింది.

"ఇది నేను చేశాను," అన్నాడు కేతోజు. "నాకు ముప్పై రెండేళ్ళప్పుడు. ఇది కొట్టింది, అది పోసింది. నా సుత్తి గాటు పోతలో పడిందంటే ఎవడో దీన్ని పాతరలోంచి తీసి మూస ఒత్తాడు. ఉంగరం ఎవరిది ప్రభూ?"

అందరి కళ్ళూ శ్రేష్ఠి వేలి మీదికి తిరిగాయి. శ్రేష్ఠి దాచుకోలేదు. దాచవలసిన పని ఏముందన్నట్టు మాట్లాడాడు. ఇక్కడ చక్రం పెడితే మోతగాళ్ళు తిరగబడతారు, శ్రేణి రెండుగా చీలిపోతుంది, పాత వర్తకులు పీకమీద కూర్చుంటారు. పెట్టకపోతే ఎవడో ఒకడు ఎక్కడో ఒకచోట పెడతాడు. అందుకని తనే ఎంచి, మకరపురంలో పెట్టించాడు. ఆ రేవులో సగం తనది. దేశం ఎటు పోయినా శ్రేణి మునగకూడదు గదా, దాన్నే దూరాలోచన అంటారని చెప్పాడు. రెండువేల కుటుంబాల ఆకలి గురించి అడిగినవాళ్ళకు మాత్రం, అది తాను లెక్కలోకి తీసుకున్న సంగతేనన్నాడు.

పట్టుకోండి అని రాజు అనేలోపు శ్రేష్ఠి ఉంగరం ఎత్తి చూపాడు. కొండ కడుపులో ఉరుము ఉరిమింది. వాలుబండ నడిమికి పగిలి, పగుల్లోంచి తుప్పు రంగు చేతులు రెండు పైకి వచ్చాయి. మరపుభూతం ఉంగరానికి బానిస. అది శ్రేష్ఠిని భుజాన ఎక్కించుకుని, బాచన వైపు ఒక్కసారి దిగులుగా చూసి, కొండ అంచు మీదినుంచి దూకింది. కింద రేవులో మకరపురం జెండా ఓడ ఒకటి లంగరు ఎత్తుతోంది. భూతం వెనకాలే, పగిలిన పాతరలోంచి, డెబ్బై ఏళ్ళ కొత్తలన్నీ బారులుగా గాలిలో తేలుతూ ఓడవైపు సాగాయి. దీపాలు, మగ్గం, తెరచాప, గాజు గొట్టం, ఆఖరున వీరక్క భుజంపీట.

భటులు మెట్లవైపు పరిగెత్తారు. పదకొండు వందల మెట్లు దిగేసరికి ఓడ కనుచూపు మేర దాటిపోతుంది. వాళ్ళకూ తెలుసు ఆ సంగతి, అయినా పరిగెత్తుతున్నారు.

కేతోజు ఒక్కడే కదలకుండా నిలబడి బండ అంచునూ, రాజు ఎక్కి వచ్చిన రథాన్నీ, గొడుగు కర్రనూ, గుంపులో ముందుకు తోసుకొచ్చిన వీరక్క మనుషుల భుజాల మీది మోకులనూ చూశాడు. ముప్పై ఏళ్ళు తుప్పు పట్టిన బుర్ర ఒక్కసారి పదునెక్కింది. మోతగాళ్ళను పిలిచి, రథం ఇరుసు ఊడదీయమన్నాడు. అరఘడియలో చక్రం నిలబెడితే పదిమందిని ఒక్క గుక్కలో ఓడ మీదికి దింపవచ్చు. వీరక్క అప్పటికే మోకు విప్పుతోంది. కేతోజు మోకాళ్ళ మీద కూర్చుని ఇరుసుకు నాలుకను ఆనించి చూసుకుంటూ, పక్కకు చూడకుండానే, ఇరవై ఏళ్ళుగా చాచినట్టే వెనక్కి చెయ్యి చాచాడు.

"బాచా, సన్న ఉలి అందుకో."

వీరక్క మనుషులు గుడిసెలోంచి మోసుకొచ్చిన తన పనిముట్ల సంచిని బాచన విప్పాడు. అందులో తొమ్మిది పనిముట్లున్నాయి. తొమ్మిదింటి వైపూ చూశాడు. కింద ఓడ తెరచాప ఎత్తింది. ముసలాయన చెయ్యి ఇంకా చాచే ఉంది, ఉలి అంటే వాటిలో ఏదో బాచనకు తెలియడం లేదు.